పొడుగు మనిషి వెనక సీటు

మధురానగర్,
డిసెంబర్ 9, 2024.

సుకన్యా,

నువ్వు లేకుండా ఈ ఏటి ఫెస్టివల్ మొదలైంది, అయిపోయింది కూడా. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. సినిమాను ఫోన్లో చెప్పడం నాకు చేతకాదు. అవతలివాళ్లు ఊఁ కొడుతుంటే అది నా సినిమాకో, పొయ్యి మీద పాలకో తెలియదు. అందుకే కాగితం తీశాను. ఇకనుంచి మనకు ఉత్తరాలే.

పంజాగుట్ట మాల్‌లో మన ఫిల్మ్ క్లబ్బుకు రెండు స్క్రీన్లు ఇచ్చారు. ఐదు రోజులు, ఇరవై రెండు సినిమాలు. అమీర్‌పేట నుంచి ఒక్క స్టేషన్ దూరానికి మెట్రో ఎందుకని రోజూ నడిచే వెళ్లాను. మొదటిరోజు అలవాటు కొద్దీ పక్క సీట్లో కర్చీఫ్ వేసేశాను. వేశాక గుర్తొచ్చింది, నువ్వు జనగామలో మీ అక్క తుంటి ఎముకకు కాపలా ఉన్నావని. అయినా తీయబుద్ధి కాలేదు. లైట్లు ఆరిపోతుంటే ఒక కుర్రాడు వచ్చి, "ఆంటీ, గీ సీట్ల ఎవరన్నా వస్తున్నరా?" అన్నాడు. వస్తున్నారన్నాను. పాపం, సినిమా అంతా మెట్ల మీద కూర్చుని చూశాడు. ఐదు రోజులూ ఆ పాపం మూటగట్టుకున్నాను.

నీకు నచ్చే సినిమా ఒకటే వచ్చింది. బల్గేరియాది. ఒక పల్లెలో రైల్వే గేటు. ఆ లైను మూసేసి తొమ్మిదేళ్లు. పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. అయినా గేటు కాపలా ముసలాయన రోజుకు రెండుసార్లు, పాత వేళకే, గేటు దింపుతాడు. ఊళ్లో వాళ్లు సైకిళ్లు, ట్రాక్టర్లు ఆపి నిలబడతారు. రెండు నిమిషాలు. ఏ రైలూ రాదు. గేటు లేస్తుంది, వెళ్లిపోతారు. గంటా నలభై నిమిషాల సినిమాలో జరిగేది దాదాపు ఇంతే, కానీ నేను బయటికి వచ్చాక ఫుట్‌పాత్ మీద అలాగే నిలబడిపోయాను. మిగతావాటిలో ఒక ఫిలిప్పీన్స్ సినిమాకు మూడు గంటలు పట్టింది. మొదటి గంట వాన, రెండో గంట వాన తగ్గడం, మూడో గంట నేను నిద్ర.

బయటికి వచ్చాక కష్టం మొదలయ్యేది. చెప్పడానికి మనిషి ఉండాలి కదా. చౌరస్తాలో మన ఇరానీ హోటల్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దాని ముందు నిలబడి మన పాత రోజులు తలుచుకున్నాను. ఒకే వేళకు రెండు సినిమాలు పడితే నువ్వు అమీర్‌పేట ప్రివ్యూ థియేటర్‌కు, నేను సోమాజిగూడ ఆడిటోరియానికి. తర్వాత మధ్యలో, పంజాగుట్టలో కలుసుకుని, వన్ బై టూ చాయ్. కప్పు ఖాళీ అయ్యేదాకా చెప్పేవాళ్లను ఆపకూడదన్నది మన నియమం. చివర్లో నువ్వు "కథ కంచికి, మనం బస్సుకి" అనేదానివి. హాళ్లు పంచుకుందామన్న ఉపాయం కూడా నీదే. పక్కన కూర్చుంటే నీతో ఒకటే ఇబ్బంది, అందరూ నవ్వాక అరక్షణం ఆగి నవ్వేదానివి. లోతు మనిషి కాబోలు, నవ్వు పైకి రావడానికి టైం పడుతుందని నేను ఏడిపించేదాన్ని.

అసలు కబురు మరిచాను. క్లబ్బు వాళ్లు నా సినిమా వ్యాసాలు పుస్తకంగా వేస్తున్నారు. ముప్ఫై సినిమాలు. ఆఫీసులో ముప్ఫై ఏళ్లు జీవోలు తెలుగు చేసిన చేతికి చివరికి ఒక సొంత పుస్తకం. ఫిబ్రవరిలో సోమాజిగూడలో ఆవిష్కరణ, నా ప్రసంగం. 'ఉప్పు గోదాము' గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఆ పోర్చుగల్ సినిమా, 1998లో మనిద్దరం చూశామే, అది. ఇప్పుడది ఎక్కడా దొరకదట. చూసినవాళ్లం మనమే మిగిలాం.

మీ అక్క వజ్రమ్మ గారిని అడిగానని చెప్పు. నువ్వు నన్ను 'మీరు' అనడం మానేసి రాయమని ఎన్నోసారో చెబుతున్నాను.

నీ
హైమ


జనగామ,
డిసెంబర్ 21, 2024.

హైమక్కకు నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. నేను చేత్తో రాయకుండా టైపు కొడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఆఫీసులో పాత సామాను కింద వేలం వేసినప్పుడు నా తెలుగు మిషన్ను నేనే కొనుక్కున్నాను, గుర్తుందా. ఇక్కడికి నా బట్టల కంటే ముందు అదే వచ్చింది. వేళ్లు ఊరుకోవడం లేదు.

వజ్రమ్మక్క ఇప్పుడు గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తోంది. పొద్దుపోక సతాయిస్తుంటే మీ గేటు సినిమా చెప్పాను. అంతా విని, "రైలు రాదని గాయినకు ఎరుకేనా?" అన్నది. ఎరుకే అన్నాను. "మరి ఊరోళ్లు ఎందుకు ఆగుతున్నరే?" అన్నది. జవాబు తోస్తే మీరు రాయండి, ఆమె రోజూ అడుగుతోంది.

పుస్తకం వార్త విని సంతోషమైంది. ఒక్క మాట. 'ఉప్పు గోదాము' మనిద్దరం చూడలేదక్కా. ఆ సాయంత్రం మీరు సోమాజిగూడలో ఉన్నారు. చూసింది నేను, మీరు విన్నారు. చాయ్ రెండోసారి కూడా చెప్పాం ఆ రోజు. మీరు నిజంగా చూసినవే ముప్ఫై కాదు, మూడు వందలు ఉంటాయి. వాటిలో ఒకటి మాట్లాడండి. గేటు సినిమా మాట్లాడండి. ఆ ఉప్పు సినిమా మాత్రం వద్దు. ఎందుకు అని అడగవద్దు. ఇన్నేళ్ల స్నేహంలో నేను మిమ్మల్ని ఏదీ వద్దనలేదు.

చలి బాగా ఉంది. మీ మోకాళ్లు జాగ్రత్త.

మీ
సుకన్య


మధురానగర్,
ఫిబ్రవరి 17, 2025.

సుకన్య గారికి,

మొన్న సోమాజిగూడలో సభ జరిగింది. నువ్వు వద్దన్నావు, నేను వినలేదు. నిజం చెప్పాలంటే అసూయేమో అనుకున్నాను. నువ్వు చెప్పిన సినిమా నా పేరున పోతోందని బాధపడుతున్నావనుకుని, నీ పేరు కూడా తలుచుకుందామని కాగితం మీద రాసుకున్నాను.

అరవై మంది దాకా వచ్చారు. నేను నీ సినిమా చెప్పాను. సముద్రం ఒడ్డున ఉప్పు గోదాములో ఒంటరి ఆడమనిషి, రోజూ తలుపు దగ్గరికి వచ్చి నిలబడే కోటు వేసుకున్న అన్న, క్షమించమని అడగడానికి వచ్చి మరేదో మాట్లాడి పోయే అన్న. చివరికి ఆమె రాత్రంతా ఉప్పు కుప్ప మీద నీళ్లు పోసి కరిగించేసి, తెల్లారి వీపు మనకు పెట్టి కూర్చుని, భుజాలు కదిలేలా నవ్వడం. 'ఇరవై ఆరేళ్లుగా ఆ నవ్వు నన్ను వదల్లేదు' అని ముగించాను. చప్పట్లు కొట్టారు.

తర్వాత క్లబ్బులో కొత్తగా చేరిన కేదార్ అనే అబ్బాయి లేచాడు. ఆరడుగుల మనిషి, చాలా మర్యాదస్తుడు. "మేడం, తప్పుగా అనుకోకండి. ఆ సినిమా ఈ మధ్యే నెట్‌లోకి వచ్చింది, నేను చూశానండి. ఆ కోటాయన వాళ్ల అన్నయ్య కాదు. ఊరి పురపాలక కార్యాలయం నుంచి వచ్చినాయన. గోదాము ఖాళీ చేయమంటాడు. మొదటి మాటే అది. చివర్లో ఆవిడ నవ్వదండీ. చనిపోయిన కూతురి పేరు పిలుస్తుంది," అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. నేను మంచినీళ్లు తాగి కూర్చున్నాను.

పుస్తకం ఆపించేశాను. అందులో నువ్వు చెప్పగా రాసినవి పదకొండు ఉన్నాయని ఇప్పుడు లెక్క తేలింది. ఏది నా కళ్లతో చూశానో, ఏది నీ నోట విన్నానో నాకే తెలియకుండా కలిసిపోయాయి. అంతగా నమ్మాను నిన్ను.

నాకు ఒక్కటే తెలియాలి. ఆ సాయంత్రం నువ్వు ఆ సినిమా చూశావా, లేదా? చూడకుండా ఎక్కడో తిరిగి వచ్చి, నా ముందు కూర్చుని కథ అల్లావా?

హైమవతి


జనగామ,
ఫిబ్రవరి 26, 2025.

హైమక్కకు,

చూశాను. మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా రెప్ప వేయకుండా చూశాను. చదవలేదు.

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇక చింపను. నాకు ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి. బస్సు బోర్డు చదువుతాను, మందు సీసా మీద పేరు చదువుతాను. కూడబలుక్కుని చదువుతాను. తెర అడుగున వచ్చే అక్షరాలు నా కోసం ఆగవు కదక్కా. రెండు మాటలు కూడబలుక్కునే లోపల ఆ వాక్యం పోయి ఇంకోటి వస్తుంది. దాని వెంట పడితే పైన బొమ్మ పోతుంది. మొదటి ఫెస్టివల్ రెండో రోజుకే నేను అక్షరాలను వదిలేసి బొమ్మను పట్టుకున్నాను.

మా నాయన ఇక్కడి మార్కెట్లో బస్తాలు మోసేవాడు. నేను సర్కారు బడిలో చదివి, తెలుగు టైపు పరీక్ష పాసై, దాని మీదే ఉద్యోగంలోకి వచ్చాను. ఆఫీసులో నన్ను ఎవరూ దేనికీ పిలిచేవాళ్లు కాదు. కాగితం తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు, టైపైన కాగితం తీసుకుపోయేవాళ్లు. మీరొక్కరే, అనువాదం సెక్షన్లో అంత పెద్ద మనిషి, ఒకరోజు రెండు పాసులు పట్టుకొచ్చి 'సినిమాకు వస్తావా' అన్నారు. సినిమా అయ్యాక ఇరానీ హోటల్లో ఎలా ఉంది అని అడిగారు. నాకు కనిపించింది చెప్పాను. మీరు కప్పు కింద పెట్టి, 'నువ్వు నాకంటే బాగా చూస్తావు సుకన్యా' అన్నారు. మీకు గుర్తుండదు. అట్లాంటి మాట నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ మాట విన్నాక, నాకు ఇంగ్లిషు రాదండీ అని ఎట్లా అనాలి? రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రానేలేదు.

హాళ్లు పంచుకుందామని నేనెందుకు అన్నానో కూడా చెబుతాను. మీ పక్కన కూర్చుంటే హాలంతా ఒక్కసారి నవ్వేది. ఏమన్నారో నాకు తెలియదు. మీ మొహం చూసి, మీరు నవ్వుతున్నారు కాబట్టి నేనూ నవ్వేదాన్ని. నా నవ్వు ఆలస్యమయ్యేది అందుకే. నేను లోతు మనిషినేం కాదు. అంతమంది మధ్య కూర్చుని అంత ఒంటరిగా నేను ఇంకెక్కడా లేను. వేరే హాల్లో ఒక్కదాన్నే కూర్చుంటే ఆ బాధ ఉండేది కాదు. ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. అక్కడ నాకు కనిపించిన కథ నాదే.

కోపం రాకపోతే ఇంకో మాట. ఆఫీసులో పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా మీరు ఇంగ్లిషును తెలుగు చేసేవాళ్లు, నేను టైపు కొట్టేదాన్ని. నాకు ఇంగ్లిషు వస్తే మీ చేతిరాత కాగితం కోసం ఎందుకు కాచుకు కూర్చుంటాను? మీరు నా చేతికి తెలుగు కాగితమే ఇచ్చేవాళ్లు. హాల్లో కూర్చున్నాక మాత్రం అది మీకు ఒక్కరోజూ గుర్తుకు రాలేదు. నేను దాచాను, నిజమే. మీరు వెతకలేదు.

కోటు మనిషి సంగతి. నాయన చనిపోయాక ఇంటి పంపకాల్లో మా అన్న నలుగురి ముందు నా నోరు మూయించాడు. తర్వాత నెల రోజులు సాయంత్రం పూట మా ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. లోపలికి రాడు. 'నీళ్లొస్తున్నాయా, కరెంటు ఉందా' అని అడిగి పోయేవాడు. ఆ సినిమాలో కోటాయన నిలబడిన తీరు అచ్చం అదే. భుజం గుమ్మానికి ఆనించి, ఆమె మొహం తప్ప అన్నీ చూస్తూ. అందుకని అన్న అనుకున్నాను. మీకు అబద్ధం చెప్పాలని ఒక్క సినిమా కూడా చెప్పలేదు.

మీ పరువు పోయింది నా వల్ల. దానికి నా దగ్గర మందు లేదు.

మీ
సుకన్య


జనగామ,
ఏప్రిల్ 19, 2025.

హైమక్కకు,

మీ దగ్గర నుంచి జవాబు లేదు. ఫోను రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. అడగడం లేదు, చెబుతున్నానంతే. వజ్రమ్మక్కకు రోజుకో సినిమా చెబుతున్నాను. నిన్న ఆ గేటు ముసలాయన గురించి మళ్లీ అడిగింది. ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం బయటికి వెళ్లవద్దు.

సుకన్య


మధురానగర్,
జూన్ 22, 2025.

సుకన్యా,

నాలుగు నెలలు నీకు రాయలేదు. మొదటి నెల కోపం. మిగతా మూడు నెలలు సిగ్గు. ఈ వయసులో సిగ్గుపడటం కోపం కంటే కష్టం, ఎవరి మీదా విసుక్కోవడానికి ఉండదు.

మా వీధిలో హాస్టళ్లు నీకు తెలుసు కదా. సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చిన ఆడపిల్లలు. సాయంత్రం పూట ఇద్దరు పిల్లలు మా గేటు అరుగు మీద కూర్చుని ఇంగ్లిషు మాట్లాడటం ప్రాక్టీసు చేస్తారు. ఒక అమ్మాయి తప్పు మాట్లాడితే రెండో అమ్మాయి నవ్వింది. మొదటి అమ్మాయి కూడా నవ్వింది, అరక్షణం ఆగి. నేను పైన బాల్కనీలో బట్టలు తీస్తున్నాను. దుప్పటి తీగ మీదే వదిలేసి లోపలికి వెళ్లి నీ ఉత్తరం మళ్లీ తీశాను.

కేదార్ ఇంటికి వచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ కుర్రాడిదేం తప్పు? 'ఉప్పు గోదాము' పెన్ డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. మొదటిసారి మామూలుగా చూశాను. అతను చెప్పినట్టే ఉంది. పురపాలక ఉద్యోగి, ఖాళీ చేయమన్న కాగితం, కూతురి పేరు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, నాకు ఏమీ కాలేదు.

రెండోరోజు టీవీ అడుగు భాగానికి తువ్వాలు కట్టాను. రెండు వైపులా క్లిప్పులు పెట్టి, అక్షరాలు కనపడకుండా. పది నిమిషాలు పిచ్చెక్కింది. చెయ్యి మాటిమాటికీ తువ్వాలు ఎత్తబోయింది. ఎవరో పెళ్లికి పిలిచి, లోపలికి రానివ్వకుండా కిటికీ దగ్గర నిలబెట్టినట్టు ఉంది. లేచి వెళ్లి టీ పెట్టుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాను. తర్వాత ఎప్పుడో, ఆ కోటాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. భుజం ఆనించి, ఆమె మొహం తప్ప అన్నీ చూస్తూ.

అన్నే, సుకన్యా. ముందురోజు కాగితంతో సహా చూసిన మనిషినే, అయినా నాకు అన్నలాగే కనపడ్డాడు. చివర్లో ఆ భుజాలు నవ్వుతున్నాయో ఏడుస్తున్నాయో నాకు తేలలేదు. నువ్వు నవ్వనుకున్నావు. ఏళ్ల తరబడి తువ్వాలు కట్టిన తెర ముందు కూర్చున్న మనిషివి, ఆమె నవ్వాలనే కోరుకుంటావు మరి.

నేను వెతకలేదన్నావు. అవును. నువ్వు నా పక్కన కూర్చోవడమే నాకు కావలసింది. నీకు ఎలా ఉందో అడగడం సినిమా అయ్యాక చేసే పని అనుకున్నాను. ఒక్కసారి తల తిప్పి నీ మొహం చూసి ఉంటే నాకు అర్థమైపోయేది. తెర మీద మనుషుల మొహాల గురించి ముప్ఫై వ్యాసాలు రాశాను.

వజ్రమ్మ గారి ప్రశ్నకు జవాబు దొరికింది. రైలు రాదని ఊళ్లో వాళ్లకూ తెలుసు. కానీ వాళ్లు ఆగకుండా వెళ్లిపోతే, ఆయన అక్కడ ఒక్కడే అయిపోతాడు. అందుకని ఆగుతారు. నువ్వు ఆగినట్టు.

ఆ పదకొండు సినిమాలూ నా పుస్తకంలోంచి తీసేశాను. అవి నావి కావు. నీ మిషన్ మీద నువ్వే కొట్టి పంపు, నీ పేరుతో. పుస్తకం మన రెండు పేర్లతో వస్తే రానీ, లేకపోతే మూలన పడి ఉండనీ. డిసెంబర్లో ఫెస్టివల్‌కు రా. పక్కన కూర్చుని ప్రతి మాటా చెవిలో తెలుగు చేసి చెబుతాను. నాకు చేతనైన పని అదొక్కటే.

నీ
హైమ


జనగామ,
నవంబర్ 23, 2025.

హైమక్కా,

ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో. నీ జూన్ ఉత్తరం మిషను పక్కనే ఉంది. 'నువ్వు' అని కొట్టడానికి ఐదు నెలలు పట్టింది అనుకో. ఇప్పుడు కూడా వేళ్లు ఒప్పుకోవడం లేదు, బలవంతాన కొడుతున్నాను.

సినిమాలు పంపుతున్నాను, వేరే కవరులో. పదకొండు కాదు, పద్నాలుగు. మిగతా మూడు నువ్వే చూశావని నీకు ఇప్పటికీ నమ్మకం.

డిసెంబర్‌కు రాలేను. వజ్రమ్మక్క మళ్లీ పడింది. ఈసారి మంచం దిగదని డాక్టరు చెప్పాడు. పక్కింటి సత్తెమ్మ గంటో రెండు గంటలో చూసుకుంటుంది గాని ఐదు రోజులంటే ఎవరు చూస్తారు? రాత్రిళ్లు నిద్ర పట్టక నన్ను లేపుతుంది. "గా ఉప్పు పిల్ల ఏమైందే తర్వాత?" అని అడుగుతుంది. సినిమా అయిపోయింది అంటే ఒప్పుకోదు. "సిన్మ అయిపోతే మనిషి అయిపోతదా?" అంటుంది. రోజూ కొంచెం కొంచెం ముందుకు చెబుతున్నాను. ఆ ఉప్పు పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకుంది. అన్న వచ్చి పోతున్నాడు, లోపలికి.

నువ్వు చెవిలో తెలుగు చేస్తానన్నావు. వద్దక్కా. ఇరవై ఆరేళ్ల కిందట అయితే ఏడ్చేదాన్ని అంత మాటకు. ఇప్పుడు నా బొమ్మల మీద ఇంకొకరి మాటలు పడితే నాకు కనపడవు. దానికి బదులు ఒక పని చెయ్యి. ఈసారి ఒక్క సినిమా నాలాగ చూడు. ఇంట్లో తువ్వాలు కట్టి కాదు, హాల్లో, అందరి మధ్యన. కథ ఎవరినీ అడగకు. నీకు కనపడిందే రాయి. నాకు ఎవరూ అట్లా సినిమా చెప్పలేదు ఇప్పటిదాకా.

నీ
సుకన్య


మధురానగర్,
డిసెంబర్ 14, 2025.

సుకన్యా,

నీ పద్నాలుగూ చేరాయి. చదువుతూ ఆ మూడింటి దగ్గర నీతో పోట్లాడాను, ఓడిపోయాను.

నువ్వు చెప్పిన పని చేశాను. హాల్లో తువ్వాలు కట్టడానికి కుదరదు కదా. మొదట చెయ్యి చాచి అడుగు భాగం కనపడకుండా అడ్డం పెట్టుకున్నాను. పావుగంటకు భుజం లాగేసింది. అప్పుడు మనం ఫెస్టివల్లో అందరం దేనికి తిట్టుకుంటామో అది గుర్తొచ్చింది. ముందు వరుసలో పొడుగు మనిషి. మర్నాడు కేదార్‌ను పట్టుకుని, 'బాబూ, నా ముందు కూర్చో' అన్నాను. "అయ్యో మేడం, నా తల అడ్డొచ్చి మీకు సబ్‌టైటిల్స్ కనపడవండీ," అన్నాడు. 'అందుకే నాయనా, కాస్త నిటారుగా కూర్చో' అన్నాను. నన్ను అదోలా చూసి కూర్చున్నాడు. వెన్నెముక మంచిది, రెండు గంటలూ వంగలేదు. నా పక్క సీట్లో కర్చీఫ్ వేశాను.

సినిమా జార్జియా దేశానిది. పేరు కూడా చదవలేదు. ఒక కొండ ఊరు. నలభై ఏళ్ల ఆడమనిషి, వడ్రంగి. ఒక ముసలాయన విరిగిన కుర్చీ తెస్తాడు. ఆమె కోడు అతికించి ఇస్తుంది. మర్నాడు మళ్లీ తెస్తాడు, ఈసారి ఇంకో కోడు విరిగింది. ఆమె ఏమీ అనకుండా బాగుచేస్తుంది. మూడోరోజు కూడా అంతే. ఆయనే విరగ్గొట్టుకుని తెస్తున్నాడని నాకు అర్థమైంది, ఎవరూ చెప్పకుండానే. ఆ విరిగిన చోటు చూస్తే తెలిసిపోతోంది, గొడ్డలి దెబ్బ. అంత సంతోషం నాకు ఏ సినిమాలోనూ కలగలేదు, ఆ గొడ్డలి దెబ్బ నేనే కనిపెట్టినందుకు. ఆయన ఆమెను ఒక మాటతో పిలుస్తాడు, చిన్న మాట. పేరో, ముద్దు మాటో, తిట్టో తెలియదు. పిలిచినప్పుడల్లా ఆమె ఉలి ఆగిపోతుంది.

ఒకచోట ఆయన కుర్చీ నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. కేదార్ భుజాలు కూడా కదిలాయి. నాకు ఏమీ తెలియలేదు. చుట్టూ రెండు వందల మంది నవ్వుతున్నారు, ఆ నవ్వు నా దాకా వచ్చి, నన్ను దాటిపోయింది. ఎవరి మొహమైనా చూద్దామని తల పక్కకు తిప్పాను. కర్చీఫ్ ఉంది. అప్పుడు నవ్వాను, అరక్షణం ఆగి. హాలు అప్పటికే నిశ్శబ్దమైపోయింది. ముందు వరుసలో ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

ఇలా ఎన్ని వందలసార్లు నవ్వి ఉంటావో లెక్క కట్టబోయి మానేశాను.

చివర్లో ఆయన కుర్చీ తేలేదు. ఆమె సాయంత్రం దాకా చూసి, కొట్టు తాళం వేసి, కొండ ఎక్కి వాళ్లింటికి వెళ్లింది. ఆయన వాకిట్లో కుర్చీ బాగానే ఉంది, ఖాళీగా. ఆమె అందులో కూర్చోలేదు. పక్కన నేల మీద కూర్చుని, కుర్చీ కోడు చేత్తో పట్టుకుంది. హాల్లో లైట్లు వెలిగాయి.

బయటికి వచ్చాక కేదార్ కథ చెప్పబోయాడు. వద్దన్నాను. నడుచుకుంటూ చౌరస్తా దాకా వచ్చి, ఆ సెల్‌ఫోన్ల దుకాణం ముందు కాసేపు నిలబడి, అమీర్‌పేట వైపు తిరిగాను. దారంతా ఆలోచించాను. ఆ ముసలాయన ఆమెకు ఏమవుతాడు? తండ్రి అనుకుంటే ఆ ఉలి ఆగడం కుదరడం లేదు. పరాయివాడు అనుకుంటే ఆ కోడు పట్టుకోవడం కుదరడం లేదు. నాకు చేతకాలేదు.

చూసింది చూసినట్టు రాశాను. ఆయన ఎవరో నువ్వు చెప్పు. వజ్రమ్మ గారికి చెప్పే ముందు నాకు చెప్పు.

నీ
హైమ